పక్కటెముకల కింద మిల్లు

పిల్లలూ! మీ కుడి అరచేతిని కుడివైపు పక్కటెముకల చివర ఆనించి పెట్టుకోండి. ఆ చేతి కింద, ఎముకల చాటున, ఒక పెద్ద కార్ఖానా రాత్రింబవళ్లు పనిచేస్తున్నది. దానికి ఆదివారం లేదు, పండుగ సెలవు లేదు. మీరు నిద్రపోయినా అది నిద్రపోదు. దాని పేరు కాలేయం. మన ఊళ్లలో కార్జం అంటారు. పెద్దవాళ్లలో అది సుమారు కిలోన్నర బరువు తూగుతుంది. శరీరం లోపలి అవయవాలలో అంతకన్న పెద్దది మరొకటి లేదు.

మిర్యాలగూడ పిల్లలకు కాలేయం సంగతి చెప్పటం చాలా తేలిక. వాళ్లు రైసుమిల్లులు చూస్తూ పెరుగుతారు గదా! కోతలు కాగానే ఊళ్ల నుంచి వడ్ల బండ్లు మిల్లు ముందు బారులు తీరుతాయి. మిల్లులో ఊక ఒకవైపు, తవుడు ఒకవైపు, నూకలు ఒకవైపు, బియ్యం ఒకవైపు వేరవుతాయి. బియ్యం సంచులకెక్కి దేశం మీదికి పోతుంది. ఎవరూ వడ్లను ఉన్నవి ఉన్నట్టుగా వండుకోరు.

మన తిండీ అంతే. ప్రేగులలో అరిగిన ఆహారసారంలో చాలా భాగం తిన్నగా గుండెకు పోదు. ముందుగా కాలేయ నిర్వాహక సిర అనే రక్తనాళం గుండా ఈ మిల్లుకు వస్తుంది. ఏది ఇప్పుడే పంపాలి, ఏది దాచాలి, ఏది మార్చాలి, ఏది పారవెయ్యాలి అనేది ఇక్కడే తేలుతుంది. కొవ్వులో ఎక్కువ భాగం మాత్రం మరొక దారిన తిరిగి వస్తుంది.

ఇప్పుడు మాంసకృత్తుల మాట చెప్పుకుందాం. పేరులో మాంసం ఉన్నది గనుక ఇవి మాంసంలోనే ఉంటాయని అనుకోకండి. పప్పులో ఉన్నాయి, పాలలో ఉన్నాయి, పల్లీలలో ఉన్నాయి, అన్నంలో సైతం కొంచెం ఉన్నాయి. ఒక్కొక్క మాంసకృత్తి ఒక పొడుగాటి దండ వంటిది. ఆ దండలోని పూసల పేరు అమైనో ఆమ్లాలు. మొత్తం ఇరవై రకాల పూసలు. మన కండరం, వెంట్రుక, గోరు, రక్తంలోని ఎర్రదనం, అన్నీ ఈ ఇరవై పూసలను రకరకాలుగా గుచ్చగా వచ్చినవే.

పూర్వం అచ్చుకూటాలలో సీసపు అక్షరాలను గళ్లపెట్టెలో పోసి, ఒక్కొక్కటే ఏరి మాటలు కూర్చేవారు. పెట్టెలో ‘ల’ అయిపోయిందనుకోండి. మిగతా అక్షరాలు గంపెడు ఉన్నా ‘పలక’ అని అచ్చువెయ్యటం సాధ్యమా? మన శరీరం పనీ అలాగే ఉంటుంది. ఇరవైలో పదకొండింటిని శరీరం తానే తయారుచేసుకోగలదు. తక్కిన తొమ్మిదీ తిండి నుంచే రావాలి. వాటిలో ఒక్కటి తక్కువైనా కూర్పు పని అక్కడ ఆగుతుంది.

బియ్యంలో తక్కువగా ఉండే అక్షరం లైసిన్. జొన్నలోనూ అదే తక్కువ. పప్పులో లైసిన్ పుష్కలంగా ఉన్నది, కాని మెథియోనిన్ అనే మరొకటి తక్కువ. ఆ మెథియోనిన్ అన్నంలో బాగానే ఉన్నది. కనుక అన్నమూ పప్పూ ఒకే కంచంలో కలిసినప్పుడు ఒకదాని కొరతను ఒకటి తీర్చుకుంటాయి. మన అమ్మమ్మలకు ఈ పేర్లేవీ తెలియవు. అయినా ముద్దపప్పు లేనిదే పెళ్లి విస్తరి వెయ్యలేదు!

పెట్టెలో లేని అక్షరాలను తయారుచేసే పనిలో కాలేయానిది పెద్దచెయ్యి. ఒక పూస నుంచి నత్రజని ఉన్న ముక్కను ఊడదీసి, మరొకదానికి తగిలించి కొత్త పూసను చేస్తుంది. ఈ పనికి ఎంజైములు అనే పనిముట్లున్నాయి. వాటిలో ఒకదానిని ఎస్.జి.పి.టి. అంటారు. కాలేయం పరీక్ష జరిగినప్పుడు రక్తపరీక్ష కాగితం మీద ఈ పేరు మీ నాన్నగారు చూసే ఉంటారు. మిల్లు గోడ బీటలు వారితే లోపలి పనిముట్లు వీధిలో పడతాయి గదా? కాలేయకణాలు దెబ్బతిన్నప్పుడు ఈ ఎంజైము రక్తంలోకి కారుతుంది. రక్తంలో అది ఎక్కువగా కనబడితే వైద్యుడు మిల్లు సంగతి చూడాలనుకుంటాడు.

ఒక ముఖ్యమైన విషయం. ఎక్కువ తిన్న పిండిపదార్థాన్ని కాలేయం కొంత దాచిపెడుతుంది. ఎక్కువైన కొవ్వును శరీరం చర్మం కింద దాస్తుంది. కాని అమైనో ఆమ్లాలకు గోదాము లేదు. ఈ వేళకు కావలసినవి వాడుకోగా మిగిలినవాటిలో నత్రజనిని ఊడదీసి, మిగతాది పొయ్యిలో కట్టెలాగా కాల్చటమో, చక్కెరగానో కొవ్వుగానో మార్చటమో జరుగుతుంది. ఆదివారం నాడు కడుపు పట్టనంత మాంసం తిని, వారమంతా పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటే లాభం లేదన్నమాట. రోజూ కొంచెం కొంచెం అందటమే మేలు.

ఊడదీసిన నత్రజని ఏమవుతుంది? అది అమోనియాగా మారుతుంది. అమోనియా మెదడుకు విషం. చేపలు దానిని నీళ్లలోకే వదిలేస్తాయి. కోళ్లు తెల్లని యూరిక్ ఆమ్లంగా చేసి విసర్జిస్తాయి. మన కాలేయం దానిని యూరియాగా మారుస్తుంది. అవును, మీ నాన్న పొలంలో చల్లే యూరియాయే! ఎరువు కార్ఖానాలో తయారయ్యేదీ, మీ కాలేయంలో తయారయ్యేదీ ఒకే పదార్థం. ఎదిగిన మనిషి రోజుకు ఇరవై ముప్ఫై గ్రాముల యూరియాను మూత్రంలో వదులుతాడు. కాలేయం ఈ పని ఏ వరుసలో చేస్తుందో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు 1932లో కనిపెట్టారు. అది ఏతాం తిరిగినట్టు మొదటికి వచ్చి మళ్లీ మొదలయ్యే చక్రం.

ఇక మన ప్రాంతపు కథ ఒకటి చెబుతాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో పూర్వం వరి తక్కువ, జొన్న ఎక్కువ. పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్నరొట్టె. కలిగినవాళ్లకు పప్పూ పాలూ ఉండేవి. లేనివాళ్లకు గట్కలోకి కారమో పులుసో గతి. ఆ రోజులలో తెలంగాణా జొన్నతిండి పల్లెలలో పేదవాళ్లకు ఒక వింత జబ్బు వచ్చేది. ఎండ తగిలేచోట, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. చివరకు మతి చలించేది. దాని పేరు పెల్లాగ్రా. ఇటలీ భాషలో ‘గరుకు చర్మం’ అని అర్థం. ఐరోపాలోనూ అమెరికాలోనూ మొక్కజొన్న ఒక్కటే తిని బతికే బీదలకు అది వచ్చేది. నియాసిన్ అనే విటమిన్ చాలకపోవటమే కారణమని 1937 నాటికి తేలింది.

కాని జొన్న తినేవాళ్లకు ఎందుకు రావాలి? జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. పైగా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కాలేయం తానే నియాసిన్ తయారుచేసుకోగలదు. అరవై పాళ్ల ట్రిప్టోఫాన్ ఇస్తే ఒక పాలు నియాసిన్ చేస్తుంది.

హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని ఒకటున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ ముడి విప్పటానికి పూనుకున్నారు. జొన్న మాంసకృత్తులలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మిక్కిలిగా ఉన్నది. ఆ లూసిన్ ఎక్కువై, ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ వచ్చే దారిని చెడగొడుతున్నదని వాళ్లు 1960లో ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. ఒక అక్షరం లేకపోతే కూర్పు ఆగుతుందని ఇంతకుముందు చెప్పుకున్నాం. ఒక అక్షరం మితిమీరినా పని చెడుతుందని ఈ కథ చెబుతుంది.

శాస్త్రంలో ఒకరు చెప్పగానే అందరూ తల ఊపరు సుమా! తరువాత కొన్ని ప్రయోగశాలలలో ఇదే ఫలితం రాలేదు. విటమిన్ బి6 కొరత కూడా ఇందులో కలుస్తుందని హైదరాబాదు శాస్త్రజ్ఞులే చూపారు. వాదం చాలాకాలం నడిచింది. వాదం ఎలా ఉన్నా, జొన్న చెడ్డది కాదు. జొన్న తప్ప మరేమీ దొరకకపోవటం చెడ్డది. పప్పుతో, ఆకుకూరతో తింటే జొన్నరొట్టె చాలా మంచి తిండి.

అదే కాలంలో మరొక జబ్బు పసివాళ్లను తినేస్తూ ఉండేది. తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డకు తల్లిపాలు మానిపించి గంజి పట్టేవారు. ఆ బిడ్డ కాళ్లు ఉబ్బి, జుట్టు ఎర్రబారి, పొట్ట ముందుకు వచ్చి, నవ్వటం మరచిపోయేవాడు. ఆఫ్రికాలో ఇప్పటి ఘానా దేశంలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1933లో ఈ జబ్బును వర్ణించి, 1935లో అక్కడి తల్లులు పిలిచే పేరునే లోకానికి చెప్పింది. ఆ పేరు క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బని దాని భావం.

ఆ పిల్లల కాలేయం నిండా కొవ్వు ఉండేది. తిండి లేని బిడ్డకు కొవ్వు ఎక్కడిది, అంటారా? మిల్లు దగ్గరికి వెళదాం. బియ్యం ఆడించారు, కాని గోనెసంచులు లేవు. అప్పుడు బియ్యం బయటికి పోక మిల్లులోనే గుట్టపడుతుంది. కాలేయం కొవ్వును రక్తంలోకి పంపాలంటే మాంసకృత్తితో చేసిన సంచులలో కట్టి పంపాలి. అమైనో ఆమ్లాలు లేకపోతే సంచులు లేవు. సంచులు లేకపోతే కొవ్వు కదలదు. ఈ జబ్బుకు మాంసకృత్తుల కొరతతోపాటు అంటురోగాలూ, ప్రేగుల దోషాలూ తోడవుతాయని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిపిన బాలామృతం ఇచ్చేది ఇటువంటి కొరత రాకుండానే.

తరువాత కాలం మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమకాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చేలు పచ్చబడ్డాయి. జొన్నచేలు వరిమళ్లయ్యాయి. గట్క పోయి మూడుపూటలా అన్నం వచ్చింది. ఆకలి తగ్గింది. అది చిన్న సంగతి కాదు.

కాని మిల్లుకు కొత్త చిక్కు వచ్చింది. పూర్వం చెమటోడ్చి పనిచేసేవాళ్లు కుండెడు అన్నం తిన్నా అది కండల్లో ఖర్చయ్యేది. ఇప్పుడు ట్రాక్టరు దున్నుతుంది, యంత్రం కోస్తుంది. పిల్లలు కూర్చుని ఫోను చూస్తారు. మీద అన్నం, మిక్చరు, బిస్కత్తులు, సీసాలో చల్లని తీపినీళ్లు. ఆ తీపినీళ్ల సీసాలో, 300 మిల్లీలీటర్లకు, ఏడెనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. ఖర్చుకాని పిండినీ చక్కెరనూ కాలేయం కొవ్వుగా మార్చి తనలోనే పేర్చుకుంటుంది. ఈసారి సంచుల కొరత కాదు, మిల్లు మొయ్యలేనన్ని వడ్లు వచ్చిపడటం!

కొవ్వు పట్టిన కాలేయం మొదట నొప్పి పెట్టదు, చెప్పదు. మద్యం ముట్టనివారికీ, బడిపిల్లలకూ సైతం ఇది వస్తున్నది. ఏళ్లు గడిస్తే కొందరిలో కాలేయం గట్టిపడిపోతుంది. మద్యం తాగేవారికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ. సంతోషించదగిన మాట ఒకటున్నది. మొదట్లోనే తెలుసుకుని, తీపి తగ్గించి, రోజూ ఆడుతూ నడుస్తూ బరువు తగ్గితే కొవ్వు కరిగిపోతుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. కోదాడ నుంచి ఒక తల్లి ఉత్తరం రాసింది. “మా పిల్లవాడికి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించాము. నలభై రోజులు పప్పు, గుడ్డు, పాలు, నూనె ముట్టరాదని మా అత్తగారు అంటున్నారు. పిల్లవాడు చిక్కిపోతున్నాడు. ఏమి చెయ్యమంటారు?” అని.

అమ్మా, మీ అత్తగారు మనుమడి మీద ప్రేమతోనే చెబుతున్నారు. అయినా ఆలోచించండి. పిల్లలకు వచ్చే కామెర్లలో చాలా భాగం చెడ్డనీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ వల్ల వస్తాయి. అవి సాధారణంగా కొన్ని వారాలలో తమంతట తామే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది! కొన్ని పసర్లు దెబ్బతిన్న కాలేయాన్నే మరింత దెబ్బతీస్తాయి. ఇక పథ్యం సంగతి. గోడ కూలిన మిల్లును మళ్లీ కట్టాలంటే ఇటుకలు కావాలా, వద్దా? ఆ ఇటుకలే అమైనో ఆమ్లాలు. సరిగ్గా అవి కావలసిన రోజులలోనే మనం పప్పూ పాలూ ఆపుతున్నాం. నేను పనిచేసిన బడులలో ఇలాంటి పథ్యం చేసి వచ్చిన పిల్లలను చూశాను. కామెర్లు తగ్గినా, వాళ్లు తిరిగి ఆటలో దిగటానికి నెలలు పట్టేది. వికారం ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా, మెత్తగా పెట్టండి. పప్పన్నం, పెరుగన్నం, పాలు, ఉడికించిన గుడ్డు, బిడ్డ తినగలిగినంత పెట్టవచ్చు. ముందుగా వైద్యునికి చూపించండి.

పిల్లవాడు మత్తుగా పడుకుని ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా ఒక్క గంట ఆలస్యం చెయ్యరాదు. కాలేయం పని ఆపితే అమోనియా మెదడుకెక్కుతుందని పైన చెప్పాను గదా, మత్తు దానికే గుర్తు కావచ్చు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. ఇప్పుడు మనకు పెద్దాసుపత్రి దూరం కాదు.

తాతలకు కాలేయం గట్టిపడినప్పుడు సైతం పూర్వం మాంసకృత్తులు మానిపించేవారు. ఇప్పటి వైద్యులు అలా చెయ్యరు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు ఇమ్మంటారు. కొంచెం కొంచెంగా పలుసార్లు పెట్టి, పడుకోబోయే ముందు కూడా ఏదైనా తినిపించమంటారు. రాత్రంతా పస్తుంటే శరీరం తన కండలనే కరిగించుకుంటుంది గనుక. పుట్టుకతోనే యూరియా చక్రంలో లోపం ఉన్న శిశువులు అరుదుగా ఉంటారు. వాళ్ల తిండి మాత్రం వైద్యుడు కొలిచి చెప్పినట్టే ఉండాలి. ఇక డబ్బాలలో అమ్మే అమైనో పొడులు ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అక్కరలేదు. ఎక్కువైనదానికి గోదాము లేదని చెప్పుకున్నాం గదా!

పిల్లలూ, ఇప్పుడు పలక తీయండి. పది పన్నెండేళ్లవారికి రోజుకు సుమారు 32 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 200 గ్రాముల బియ్యంలో సుమారు 15, 50 గ్రాముల కందిపప్పులో 11, ఒక గుడ్డులో 6, ఒక గ్లాసు పాలలో 6. కూడితే ఎంత? 38. చాలు! గుడ్డు తినని ఇళ్లలో గుప్పెడు పల్లీలో, ఉడికించిన శనగలో, బొబ్బర్లో వేసుకుంటే లెక్క సరిపోతుంది. ఇప్పుడు పప్పూ పాలూ గుడ్డూ కొట్టివేసి, 300 గ్రాముల బియ్యం ఒక్కటే పెట్టి చూడండి. సుమారు 22 వస్తుంది. ఆ ఇరవైరెండులోనూ లైసిన్ కొరత ఉన్నది. కడుపు నిండింది, పెట్టె నిండలేదు!

ఈ నెల ఇంటిపని ఇది. ఒక వారంపాటు ప్రతిరోజూ మీ ఇంట్లో వండటానికి ముందు బియ్యం ఎన్ని గ్లాసులు, పప్పు ఎన్ని గ్లాసులు అని అమ్మనడిగి రాసుకోండి. బియ్యం మూడు పాళ్లయితే పప్పు ఒక పాలు ఉండాలి. వారం చివర లెక్క చూసి, పప్పు తక్కువైతే అమ్మకూ నాన్నకూ చూపించండి. తీపినీళ్ల సీసాలు ఎన్ని తాగారో కూడా రాయండి. అది దాచవద్దు. మీరు దాచినా కాలేయం దాచుకోలేదు.